తేప్ నోరు విప్పిన పండగ

బిన్ పెళ్ళాం న్యాన్ నా కడుపు కొట్టింది. ఈ మాట మా ఊళ్ళో ఎవరితో అన్నా నవ్వుతారు. ఏం చేసిందయ్యా పాపం, బెల్లం కొట్టిన రాయిలా ఉండే నీ కూతురికి నాలుగు మంచి మాటలు నేర్పింది, పెద్దల ముందు బెదరకుండా నిలబడటం నేర్పింది, అదీ నేరమేనా అంటారు. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. వాదించి గెలవలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

మా నాన్నకి ఇద్దరు భార్యలు. పెద్దావిడకి చాలాకాలం కడుపు పండకపోతే మా అమ్మని తెచ్చుకున్నాడు. నేను పుట్టాను. నాకు నడక బాగా వచ్చాక పెద్దావిడకి బిన్ పుట్టాడు. వయసు చూస్తే నేను పెద్ద. తల్లి వరస చూస్తే వాడు పెద్ద. మా వైపు కొన్ని ఇళ్ళలో వయసు చూస్తారు, కొన్ని ఇళ్ళలో తల్లి వరస చూస్తారు. మా ఇంట్లో ఏదీ చూడలేదు. చూస్తే ఒకటి తేలిపోతుంది. పెద్దకొడుకు ఎవరైతే పితరుల పీఠం మీది అగరొత్తుల గిన్నె వాడిది. ఆ గిన్నెతోపాటు, దీపధూపాలకని ముత్తాతల నాడు విడిచిపెట్టిన కాలవ పక్క పొలం కూడా వాడిదే.

ఆ పొలంలో నేను నారింజలు పెంచేవాణ్ణి. కొత్త ఏడాది తెత్ పండక్కి ఇంటి ముందు పెట్టుకునే బుల్లి నారింజ చెట్లు, మట్టి కుండీల్లో. ఒకే చెట్టు మీద పండూ, పచ్చికాయా, పువ్వూ, చిగురూ నాలుగూ కనిపించాలి, లేకపోతే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. పండు రాలకుండా పువ్వు తెప్పించడం నా చేతికి వచ్చిన ఒక్కగానొక్క విద్య. ఆ నేల నల్లటి ఒండ్రు. ఆ నేలలో పట్టిన రంగు ఇంకో నేలలో పట్టదు.

కాబట్టి నేనూ బిన్‌ ఒకరినొకరం ఏమనీ పిలుచుకోకుండానే మీసాలు నెరవబెట్టుకున్నాం. వాడు హైఫాంగ్‌లో పడవ ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికేవాడు. పండక్కి వచ్చి ఒక పూట తిని పోయేవాడు. నేను వాణ్ణి తమ్ముడూ అనలేదు, అన్నయ్యా అనలేదు. 'ఇదిగో', 'చూడు' అనేవాణ్ణి. నాకు కూతురు పుట్టాక వాడికి దారి దొరికింది, 'తేప్ వాళ్ళ నాన్నా' అని పిలవడం మొదలుపెట్టాడు. వాడికి పిల్లలు లేరు గనక నాకు ఆ దారి కూడా లేకపోయింది. మా నాన్నని అడగాలని ఇద్దరం అనుకోలేదు. ఆయనకి అప్పటికే చెవుడు. ఎంత చెవుడో, ఏ మాటకి చెవుడో ఎవరికీ తెలియదు. సారా సీసా మూత తీస్తే మాత్రం వినిపించేది.

మా దగ్గర భోజనానికి కూర్చునే ముందు ఇంట్లో చిన్నవాళ్ళు పెద్దలందరినీ వరసలు పెట్టి పిలిచి, ఒక్కొక్కరినీ భోంచేయమని అడగాలి. అందరికన్నా పెద్దవాళ్ళతో మొదలుపెట్టి కిందికి రావాలి. ఒకరిని మరిచిపోయినా, ముందూ వెనకా చేసినా, తల్లిదండ్రుల పెంపకం గురించి మాట వస్తుంది. మా ఇంట్లో చిన్నది తేప్ ఒక్కతే. తేప్ అంటే చిన్న రొయ్య. పుట్టినప్పుడు అలా ఉండేదని ఆ ముద్దుపేరు. దానికి ఎనిమిదేళ్ళు వచ్చినా నలుగురున్న చోట నోరు పెగిలేది కాదు. ఇంట్లో మాతో వాగేది, గేటు దగ్గర చెప్పుల చప్పుడైతే వడ్ల గాదె వెనక్కి దూరేది. అంతకుముందు పండక్కి మా వంశపెద్ద క్వీ తాత పండగ డబ్బులు పెట్టిన ఎర్ర కవరు పైకెత్తి పట్టుకుని, ఆశీర్వాదం అడిగితేనే ఇస్తానని ఆటపట్టించాడు. అది అడగలేకపోయింది. ఆయన చెయ్యి ఇంకా పైకెత్తాడు. జనం నవ్వారు. దీని నాలుక వాళ్ళమ్మ కడుపులోనే మరిచిపోయి వచ్చినట్టుందే అన్నాడు క్వీ తాత. పిల్ల నిలబడ్డచోటే బట్టలు తడుపుకుంది. నా భార్య థోమ్ ఆ ఏడాదంతా ఆ మాట తలుచుకుని ఏడ్చింది.

నాకూ బాధే. కానీ ఒకటి చెప్పాలి. తేప్ నోరు విప్పనంతకాలం మా ఇంట్లో బిన్ ఎవరో ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

ఆ ఏడు చలి ముందే దిగింది. పండక్కి వారం ముందు, వంటింటి దేవుణ్ణి పైకి సాగనంపే రోజు పొద్దున న్యాన్ బస్సు దిగింది. బిన్ లేడు, ఒక్కతే. చేతిలో నీళ్ళ సంచి, అందులో ఆ దేవుడి వాహనంగా కాలవలో వదలడానికి ఎర్ర చేపలు, చంకలో బట్టల మూట. ఆవిడ హైఫాంగ్‌లో చిన్నపిల్లల బడిలో పనిచేసేది. పిల్లలకి జ్వరాలని సెలవులు ముందే ఇచ్చేశారంది. పండగ దాకా ఉండి థోమ్‌కి సాయం చేస్తానంది. పెళ్ళయిన నాటి నుంచి మా ఇంట్లో ఒక్క రాత్రి నిద్ర చెయ్యని మనిషి వారం ఉంటానంటే నాకు అక్కడే మొదటి అనుమానం మొలిచింది.

"సాయానికి చేతులు వస్తే కాదంటామా," అంది థోమ్. నేను కుండీలకి గడ్డి తాడు చుడుతూ వింటున్నాను.

న్యాన్ తేప్‌ని పిలవలేదు. ఏదీ మన బంగారం అని గాదె వెనక్కి తొంగిచూడలేదు. గాదెకి వీపు ఆనించి కూర్చుని, పండక్కి ఉడికించే బియ్యపు దిమ్మలు చుట్టడానికి తెచ్చిన ఆకులు తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ ఆకులతో మాట్లాడేది. నువ్వు చిరిగావు, నిన్ను లోపల వేస్తాను. నువ్వు పచ్చగా ఉన్నావు, నువ్వు బయట ఉండు. నీకు నీళ్ళు చల్లగా ఉన్నాయా. ఇలా. పెద్ద మనిషి పిచ్చిదానిలా మాట్లాడుతుంటే నాకు నవ్వు వచ్చింది. సాయంత్రానికి గాదె వెనక నుంచి ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చి, తుడిచిన ఆకు ఒకటి ఆవిడ ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది. న్యాన్ తిరిగి చూడలేదు. "నువ్వు బాగా తుడిచి ఉన్నావు, నువ్వు పైన ఉండు," అంది ఆకుతో.

ఆ మర్నాడు థోమ్‌ని అడిగిందట, పిల్లకి నలుగురిలో మెలగడం నేర్పమంటావా అని. థోమ్ కాళ్ళమీద పడ్డంత పని చేసింది. నన్ను అడగలేదు.

నేర్పడం అంటే మేము ఎరిగిన నేర్పడం కాదు. దెబ్బ లేదు, గద్దింపు లేదు. మొదట పలకరింపులు తలుపు చాటు నుంచి చెప్పమనేది. తర్వాత తలుపు కాస్త తెరిచి. తర్వాత కోళ్ళతో. చేతికి పనుంటే నోటికి భయం తగ్గుతుందని, వచ్చినవాళ్ళకి పళ్ళపుల్లల డబ్బా అందించే పని అప్పగించింది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటానికి భయమైతే గడ్డం వైపు చూడు, వాళ్ళకి తేడా తెలియదు అనేది. కవరు రెండు చేతులా పుచ్చుకోవాలి, ఇచ్చినవాళ్ళ ఎదుట విప్పకూడదు. ఎవరైనా ఎగతాళి చేస్తే తల దించుకోకు, ఒక్క నవ్వు నవ్వి ఒక్క మాట అను, చాలు. ఆ ఒక్క మాట ఇద్దరూ కలిసి తయారుచేసుకున్నారు. ఏమిటో నాకు చెప్పలేదు.

అంతా బాగానే ఉంది. పిల్ల ఆవిడని 'టీచరమ్మా' అని పిలుస్తోంది. నాకు అక్కడ రెండో అనుమానం. బిన్ నాకు తమ్ముడైతే ఈవిడ దానికి పిన్ని. అన్న అయితే పెద్దమ్మ. ఆ రెండింటి మధ్య సందులోంచి ఎంత చక్కగా దూరిందో చూశారా. టీచరమ్మట.

"మీకెందుకంత మంట," అంది థోమ్. "పిల్ల నిన్న గేటు దగ్గర పాలవాడికి నమస్కారం పెట్టింది. అది చూశారా?"

"ఊరికే ఎవరు చేస్తారే ఇంత చాకిరీ?"

"మీ అనుమానం తీసుకెళ్ళి నారింజ చెట్టు మొదట్లో వెయ్యండి. ఎరువుకన్నా బాగా పనిచేస్తుంది."

థోమ్ నోరు అలాంటిది.

మూడో అనుమానం పొలంలో. చెట్లు కొనే బేరగాళ్ళు వెళ్ళాక చూస్తే న్యాన్ గట్టు మీద నిలబడి ఉంది. చలికి చేతులు చంకల్లో దూర్చుకుని, కాలవ వైపు నుంచి దారి వైపుకి, మళ్ళీ దారి నుంచి కాలవకి నడిచింది. మధ్యలో ఆగి చుట్టూ చూసింది. ఏం చూస్తున్నావని అడిగాను. ఇక్కడ గాలి బాగుంది, తేప్ వాళ్ళ నాన్నా, పట్నంలో మా బడి పిల్లలకి అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటుండదు అంది. గాలి చూడటానికి అంచు నుంచి అంచుకి నడవాలా? నేను పైకి అనలేదు. ఒక చెట్టు ఊరికే ఇస్తాను పట్టుకెళ్ళు అన్నాను. వద్దంది. చెట్టు వద్దన్నదంటే దేని మీద కన్నుందో అనుకున్నాను.

నాన్నకి జావ కూడా ఆవిడే తాగించడం మొదలుపెట్టింది. ఉల్లికాడలు సన్నగా తరిగి వేసి, గిన్నె తుండుగుడ్డలో చుట్టి పట్టుకెళ్ళేది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ మౌనంగా ఉండేవారు. మాట్లాడుకుంటూ ఆపేశారా, అసలు మాట్లాడుకోనేలేదా? నేను నాన్న కాళ్ళు పడుతూ, ఆవిడ ఏమంటోంది నాన్నా అని చెవిలో అడిగాను. చెట్లకి నీళ్ళు పెట్టావా అన్నాడు. రెండోసారి అడిగాను. ఉత్తరపు గాలి తిరిగింది, పువ్వు రాలుతుంది, గోనె కప్పు అన్నాడు.

ఒకరోజు పొలంలో కుండీల వరసకి అవతల తేప్ గొంతు వినిపించింది. వంగి చూశాను. అది చెట్ల ఎదుట నిలబడి ఉంది, చేతులు ఛాతీ మీద కట్టుకుని. అన్నిటికన్నా పొడుగు చెట్టు ముందు నిలబడి, "క్వీ తాతగారూ, భోంచేయండి," అంది. వంగిన చెట్టు ముందుకొచ్చి, "తాతయ్యా, భోంచేయండి," అంది. చెట్టు చెట్టుకీ ఆగి, గాలి పీల్చుకుని, గడ్డం ఎక్కడుంటుందో అక్కడికి చూసి చెబుతోంది. గొంతు వణకడం లేదు. నా కూతురి గొంతు ఆరుబయట అంత గట్టిగా వినడం నాకు అదే మొదలు. చేతిలోని తాడు జారిపోయింది.

మూడో చెట్టు దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. దాన్ని వదిలేసి పక్క చెట్టుకి వెళ్ళి, "నాన్నా, భోంచేయండి," అంది.

నేను వెళ్ళి ఆ మూడోది ఎవరని అడిగాను.

"హైఫాంగ్ ఆయన."

"మరి ఆయన్ని అడగవా?"

"ఏమని పిలవాలో తెలీదు. టీచరమ్మ చెప్పలేదు."

"ఇంకా చెప్పలేదా, చెప్పనందా?"

అది కాలి వేలితో మన్ను గీసింది. నేను ఆ చెట్టు ముందు దాన్ని నిలబెట్టి, బాబాయి అనాలి తల్లీ, నా తరవాత ఆయన అని చెప్పాను. రెండుసార్లు అనిపించాను. కుండీలు కూడా మార్చి పెట్టాను, నా చెట్టు ముందు, వాడి చెట్టు వెనక. తప్పేముంది? తండ్రిని. ఆవిడ చెప్పేలోపు నేను చెప్పాను, అంతే.

అయినా మనసు ఊరుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం దిమ్మలు చుడుతున్న న్యాన్ దగ్గర కూర్చున్నాను. ఆవిడ ఆకుల్లో జిగురు బియ్యం పోసి, పెసరముద్ద, పందిమాంసం పెట్టి, మళ్ళీ బియ్యం కప్పుతోంది. అంచులు చాకుతో కోసినట్టు వస్తున్నాయి. పట్నం మనిషికి ఆ నేర్పు ఎక్కడిదో.

"పిల్లకి బిన్‌ని ఏమని పిలవమని చెప్పావు?" అన్నాను.

ఆవిడ తాడు బిగించేదాకా తలెత్తలేదు. "అది నేను చెప్పే మాట కాదండీ."

"మరి ఎవరు చెప్పే మాట?"

"తెలియనిది ఉంటే భయపడకు, ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు అన్నాను. మా బడిలో పిల్లలకి కూడా అదే చెబుతాను. అడగడం అమర్యాద కాదు, ఊహించి అనేస్తేనే అమర్యాద."

నాకు కాస్త ఊపిరి ఆడింది. ఇంట్లో పెద్దవాళ్ళంటే ఎవరు? నాన్నకి చెవుడు. సంసారం ఈడుస్తున్నవాణ్ణి నేను. అడిగితే నన్నే అడగాలి. అడగకముందే చెప్పేశాను. నేను లేస్తుంటే ఆవిడ నెమ్మదిగా అంది, "తేప్ వాళ్ళ నాన్నా, దాని చేత ఏం అనిపించినా ఒక్కటే అనిపించండి. ఇవాళ కుండీల దగ్గర ఒక మాట మింగుతోంది. రెండు మాటలు నోట్లో ఉంటే పిల్లకి మళ్ళీ గొంతు పూడుకుపోతుంది."

అంటే నేను చెప్పిన సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ నన్ను తప్పుపట్టలేదు. దాంతో నాకు అనుమానం ఇంకా పెరిగింది.

పండగ ముందురోజు బిన్ వచ్చాడు, చేతుల నిండా ఇంజను మసి కడిగినా పోని గీతలతో. నాకు సిగరెట్టు అందించాడు. ఇద్దరం ఖాళీ అయిన పొలం చూస్తూ కాల్చాం. చెట్లన్నీ అమ్ముడుపోయి, కుండీలు కూర్చున్నచోట గుండ్రటి తడి మచ్చలు మిగిలాయి. నీ చెట్లు ఈసారి బాగా పండాయట అన్నాడు. ఆ నేల మహిమ అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. నేల మాట మా మధ్య ఎప్పుడూ రానిచ్చింది లేదు. వాడు పొగ వదిలి, న్యాన్‌కి ఇక్కడ నచ్చింది అన్నాడు. నేను సిగరెట్టు సగంలో పారేశాను.

తెత్ మొదటిరోజు మధ్యాహ్నం మా ఇల్లు నిండింది. చాపలు పరిచి, ఇత్తడి పళ్ళేలు పెట్టాం. పీఠానికి ఎదురుగా ఉన్న పళ్ళెం చుట్టూ క్వీ తాత, మా నాన్న, బిన్, నేను, పక్కగా న్యాన్, థోమ్. తక్కిన చుట్టాలంతా మిగతా పళ్ళేల దగ్గర. ఉడికించిన కోడి, దిమ్మలు, ఊరవేసిన ఉల్లి. కోడి తల నాన్న వైపు తిప్పి ఉంది. ఎవరూ తినే పుల్లలు ముట్టలేదు. అందరూ తేప్ వైపు చూస్తున్నారు, ఈసారి కూడా గాదె వెనక్కి పోతుందా అని.

తేప్ ఎర్ర చొక్కా వేసుకుని వచ్చింది. పళ్ళపుల్లల డబ్బా పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు కట్టుకుంది. థోమ్ తన శాలువా అంచు నోట్లో కుక్కుకోవడం చూశాను.

"క్వీ తాతగారూ, భోంచేయండి."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఓరి, రొయ్యకి నాలుక మొలిచిందే. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

అది ఆయన గడ్డం వైపు చూసి నవ్వింది. "మీకోసమే దాచాను తాతగారూ. పండక్కి తీశాను."

గది గదంతా పగలబడింది. క్వీ తాతకి నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. ఇదా ఆ ఒక్క మాట అనుకున్నాను. నా ఛాతీ ఉప్పొంగింది, అబద్ధం ఎందుకు.

"తాతయ్యా, భోంచేయండి."

నాన్న తలూపాడు.

అది గాలి పీల్చుకుంది. నా వైపు చూస్తుందనుకున్నాను. నేను కుండీలు మార్చి పెట్టాను కదా. అది బిన్ వైపు తిరిగింది.

"పెదనాన్నా, భోంచేయండి. పెద్దమ్మా, భోంచేయండి. నాన్నా, భోంచేయండి. అమ్మా, భోంచేయండి."

ఒక్క తడబాటు లేదు. వరసలో ఒక్కరు తప్పిపోలేదు.

న్యాన్ తన గిన్నెలోకి చూస్తోంది. అవతలి పళ్ళేల దగ్గర ముసలమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాట పుట్టడం అందరూ విన్నారు, అందరికీ అర్థమైంది. నేను చెయ్యాల్సిందల్లా ఒక్కటే. కాదు తల్లీ, బాబాయి అను, అనాలి. అంతే పని. పిల్లలు తప్పు చెబితే పెద్దలు దిద్దుతారు, అందులో వింత లేదు.

తేప్ నా వైపు చూసింది. కళ్ళు దీపాల్లా ఉన్నాయి. బాగా చెప్పానా అని అడుగుతున్నాయి. దాని వెనక థోమ్ ఏడుస్తోంది, ఈసారి వేరే ఏడుపు. అంతమందిలో, బతుకులో మొదటిసారి నోరు విప్పిన పిల్లని, తప్పన్నాననుకోండి, ఆ నోరు మళ్ళీ తెరుచుకుంటుందా?

"బాగా చెప్పావమ్మా," అన్నాను.

నాన్న కోడి తల తీసి పక్కన పెట్టాడు. సారా సీసా చేతికి తీసుకుని, నన్ను దాటించి, బిన్‌కి అందించాడు.

"పెద్దోడా, అందరికీ పొయ్యి."

బిన్ రెండు చేతులా సీసా పుచ్చుకున్నాడు. ముందు క్వీ తాతకి పోశాడు, తరవాత నాన్నకి. నా గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఒక చుక్క చాప మీద పడింది. "తీసుకో తమ్ముడూ," అన్నాడు. తాగాను. తినండి తినండి, కోడి చల్లారిపోతోంది అన్నాడు క్వీ తాత. అందరూ తిన్నారు.

అందరూ పోయాక తేప్‌ని పొలం గట్టుకి తీసుకెళ్ళాను. కోప్పడలేదు. ఎర్ర కవర్లు చొక్కా జేబులో ఉబ్బుగా ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు. టీచరమ్మ చెప్పిందా అలా పిలవమని అన్నాను. కాదంది. మరి ఎవరు?

"నువ్వు బాబాయి అన్నావు కదా. నేను కుండీల దగ్గర బాబాయి అంటే టీచరమ్మ వింది. ఎవరు చెప్పారంది. నాన్న అన్నాను. ఇంకేం అనలేదు, వెళ్ళిపోయింది. నువ్వు చెట్లు కూడా మార్చావు. ఇదివరకు వేరేలా ఉండేవి కదా. ఏది సరైనదో తెలీలేదు."

"నన్ను అడగాల్సింది."

"ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని అడగమంది టీచరమ్మ. నువ్వు కాదు కదా అందరికన్నా పెద్ద. తాతయ్యని అడిగాను. చెవిలో గట్టిగా అడిగాను."

"ఏమన్నాడు?"

"చాలాసేపు పళ్ళు కుట్టుకున్నాడు. తరవాత, ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు అడిగారు అన్నాడు. అన్నాక చెప్పాడు." అది నా మొహం చూసింది. "తప్పు చెప్పానా నాన్నా?"

లేదన్నాను.

నేను చెట్లు మార్చకపోతే అది అడిగేది కాదంటుంది థోమ్. నేను బాబాయి అని నూరిపోయకపోతే, మూడో కుండీ దగ్గర మింగిన మాట పండగనాడూ మింగేది, ఎప్పటిలాగే అందరం తిని లేచేవాళ్ళం అంటుంది. థోమ్‌కి లోకం తెలియదు. పెద్దవాళ్ళని అడుగు అన్నప్పుడు న్యాన్‌కి తెలియదా ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఎవరో? రోజూ జావ తాగించిన మనిషికి, ఆ చెవుడు ఎంతవరకో తెలియదా? గాలి చూడటానికి అంచు నుంచి అంచుకి నడిచింది పిల్లకి నేర్పడం మొదలుపెట్టాకే కదా? ఇవన్నీ ఆవిడని ఒకసారి అడిగాను. నేనేం చెప్పినా మీరు నమ్మరు, అందుకే చెప్పను అంది. నిజం ఉన్నవాళ్ళు అలా అంటారా?

క్వీ తాత ఆ రొయ్య మాట ఊరంతా చెప్పుకుని నవ్వాడు. చెప్పిన ప్రతిచోటా, రొయ్య తన పెదనాన్నని ఎంత ముచ్చటగా పిలిచిందో కూడా చెప్పాడు. మూడో నెలలో సమాధులు శుభ్రం చేసే రోజున, ఎవరూ అడక్కుండానే పెద్దకొడుకు పట్టే పార బిన్‌కి ఇచ్చారు, మొదటి మన్ను వాడు తీశాడు. నాన్న అక్కడే, అందరి ఎదుట, కాలవ పక్క పొలం పెద్దోడిది అన్నాడు. దానికి చెవుడు అడ్డు రాలేదు. ఆ చలికాలానికి నేను చెట్లు పెట్టలేదు. మిగిలిన ఖాళీ కుండీలు నీవే, పట్టుకెళ్ళు తమ్ముడూ అన్నాడు బిన్. కుండీలు పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టను?

ఇప్పుడక్కడ రంగు గోడలు, రేకుల కప్పు, చిన్నపిల్లల బడి. న్యాన్ నడుపుతోంది. బిన్ గేటుకి రంగు వేస్తుంటాడు. తేప్ పెద్దదయింది, సాయంత్రాలు అక్కడికి వెళ్ళి పిల్లలకి పాటలు చెబుతుంది, దాని గొంతు కాలవ అవతలికి వినిపిస్తుంది. నేను సైకిలు మీద అటు వెళితే పిల్లలంతా గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, నా గడ్డం వైపు చూస్తూ, తాతగారూ బాగున్నారా అంటారు. ఒక్కడూ మరిచిపోడు. పిల్లలు కదా, జవాబు చెప్పకుండా పోలేను. సైకిలు దిగి, బాగున్నానమ్మా అంటాను.

ఆ నేల ఆరు వందల చదరపు మీటర్లకి కాస్త తక్కువ, మా ఉత్తరాది కొలతలో ఒక సావ్, తొమ్మిది తుఒక్‌లు. కాలవ గట్టు అందులో కలవలేదు.